ఖాళీ నెలల్లో ఇల్లు చూసేదెవరు?

జూన్ 12న బడులు తెరిచారు. ఆ మర్నాటి నుంచి నా ఫోను చప్పబడిపోయింది. "మేడమ్, శని ఆదివారాలకి బీచ్ దగ్గర ఇల్లు ఖాళీయేనా?" అని అడిగేవాళ్ళు మళ్ళీ దసరా దాకా కనబడరు. మా ఇంట్లో ఈ మూడున్నర నెలల్నీ "ఖాళీ నెలలు" అంటారు. ఆ మాట వింటే ఈమధ్య నాకు చిరాకొస్తోంది. ఎందుకో చెబుతాను.

ముందు ఇంటి సంగతి. కృత్తివెన్ను దగ్గర, సముద్రం వైపు వెళ్ళే దారిలో మా మామగారు కట్టిన ఇల్లు ఉంది. ముందు భాగం పెంకుటిల్లు, ఎత్తరుగులు, మందపాటి గోడలు. వెనక వైపు 1990ల్లో వేసిన రెండు స్లాబు గదులు, బాత్రూములు. మామగారు పోయాక అత్తయ్యగారు మాతో బందరు వచ్చేశారు. ఇల్లు తాళం వేసి ఉంచితే చెద తినేస్తుందని, సముద్రం చూడ్డానికి వచ్చే కుటుంబాలకి రోజుల లెక్కన ఇవ్వడం మొదలుపెట్టాం. ఉప్పుటేరు దాటితే పేరుపాలెం బీచ్, ఇటు బందరు వైపు వస్తే మంగినపూడి. భీమవరం, గుడివాడ, విజయవాడల నుంచి వస్తుంటారు. కార్తీకమాసం, సంక్రాంతి, మాఘ పౌర్ణమి, వేసవి సెలవులు, ఇవీ మాకు సీజను.

తాళాలు పక్కింటి ఆమె దగ్గర ఉంటాయి. ఆమె పేరు ఇక్కడ రాస్తే సిగ్గుపడుతుంది, రాయను. నన్ను అక్కా అంటుంది. భర్త వేటకి వెళతాడు. ఇద్దరు పిల్లలు. అతిథులు వచ్చిన రోజుకి ఇంత అని ఆమెకి ఇస్తాం. రాని రోజుకి ఏమీ లేదు. అదే పద్ధతి అనుకున్నాం, ఎవరూ తప్పుపట్టలేదు.

పోయిన వారం ఆమె ఫోన్ చేసింది. "అక్కా, ఈ మూడు నెలలూ రొయ్యల షెడ్డుకి పోదామనుకుంటున్నా. రోజూ కూలి వస్తుంది. తాళాలు ఎవరికివ్వమంటారు?" అంది. కోపంగా అనలేదు, సణుగుతూ అనలేదు. మామూలుగా అడిగింది.

అదే రోజు సాయంత్రం మా మరిది వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపాడు. పెరట్లో చిన్న ఈతకొలను. "వదినా, ఖాళీ నెలలే కదా, ఇప్పుడే తవ్వించేద్దాం. ఇది ఉంటే అద్దె రెట్టింపు చెప్పొచ్చు" అని కింద రాశాడు.

ఈ రెండు కబుర్లూ పక్కపక్కన పెట్టుకుని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. నాకు తేలిందొకటే. ఇల్లు సంపాదించిన డబ్బులో మొదటి వాటా ఇంటిది. ఇల్లంటే గోడలే కాదు, దాన్ని నిలబెట్టే చెయ్యి కూడా. ఆ వాటా తీశాకే మిగతా సోకులు.

ఇది నాకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. 2024లో ఇలాంటి ఖాళీ నెలల్లోనే మేం ఇంటికి "అప్‌గ్రేడ్" చేశాం. వెనక గదులకి ఏసీలు, అరుగు మీద ఉయ్యాల, చూరు పొడుగునా రంగు దీపాలు, గోడ మీద డాల్ఫిన్ బొమ్మ. మన తీరంలో డాల్ఫిన్లు ఎగురుతున్నట్టు! ఆ పనులు జరుగుతున్నప్పుడే ఆమె చెప్పింది. "అక్కా, వెనక గదిలో పైన ఉబ్బుతోంది. కర్రతో కొడితే డొల్లగా మోగుతోంది." రంగులతనికి చెబితే పుట్టీ పెట్టి నున్నగా చేసి రంగేసేశాడు. ఫోటోల్లో ఆ గది మల్లెపువ్వులా వచ్చింది.

2025 సంక్రాంతికి ఒక కుటుంబం దిగింది. కనుమ నాటి సాయంత్రం అందరూ అరుగు మీద కూర్చుని ఉండగా లోపల దభీమని చప్పుడు. వెళ్ళి చూస్తే పళ్ళెమంత పెచ్చు ఊడి మంచం మీద పడి ఉంది. ఆ మంచం మీద నుంచి మూడేళ్ళ పాప నిద్ర లేచి అరగంటైనా కాలేదట. ఆ తల్లి నాతో ఫోన్లో అరవలేదు. "మీకూ పిల్లలున్నారు కదండీ" అంది, అంతే. డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేశాం. ఆ మాట మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

తర్వాత పిలిపించిన మేస్త్రీ విషయం విప్పి చెప్పాడు. స్లాబు వేసినప్పుడు దగ్గర్లో దొరికిన ఉప్పు ఇసుకే కలిపారట. దానికి తోడు సముద్రపు గాలి. ఆ ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప చువ్వని తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. చోటు చాలక పై పొరని తోసేస్తుంది. మనకి కనిపించే ఉబ్బు అదే. దాని మీద పుట్టీ పెట్టడమంటే పుండు మీద పౌడరు అద్దడమే. డొల్లగా ఉన్నదంతా రాల్చి, చువ్వల్ని వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు ఆపే పూత పూసి, మంచి మోర్టార్‌తో మళ్ళీ కట్టాలి. దుమ్ము, చప్పుడు, పది రోజుల పని. అతిథులు ఉన్నప్పుడు అవుతుందా? ఈ ఖాళీ నెలల్లోనే కావాలి.

అప్పటి నుంచి నేనొక నోట్‌బుక్ పెట్టాను. సముద్రానికి దగ్గర్లో ఇల్లున్నవాళ్ళకి పనికొస్తుందని అందులోంచి కొన్ని చెబుతాను.

ఇనుము ముందు. బందులు, గడియలు, కొక్కేలు మామూలు ఇనుపవైతే రెండేళ్ళకే పొడి రాలతాయి. తీసేసి ఇత్తడివి వేయించండి. స్టీలే కావాలంటే 316 రకం అడగండి. షాపుల్లో ఎక్కువగా దొరికే 304 రకం మీద ఉప్పుగాలికి కొన్నాళ్ళకే టీ మరకల్లాంటి మచ్చలు వస్తాయి. ఏసీ బయటి డబ్బాని వానలేని రోజుల్లో మంచినీళ్ళతో కడిగించాలి, లేకపోతే ఉప్పు పేరుకుని రేకులు తినేస్తుంది.

గోడల సంగతి. ముందు భాగంలో పాత గోడలకి మామగారి కాలంలో గుల్ల సున్నం వేసేవారు. మేం నాజూకుగా ఉంటుందని ప్లాస్టిక్ రంగు వేయించాం. గోడలోని చెమ్మ బయటికి పోయే దారి లేక ఏడాదికే బొబ్బలెక్కింది. మళ్ళీ గీకించి సున్నమే వేయించాం. సున్నం ఊపిరి పీల్చుకోనిస్తుంది. ఏటా వెయ్యాలి నిజమే, కానీ చవక, చల్లన.

కరెంటు. మెయిన్ బోర్డులో లీకేజీకి కరెంటు ఆపేసే స్విచ్, ఆర్‌సీసీబీ అంటారు, తప్పకుండా ఉండాలి. 30 మిల్లీఆంపియర్ల రకం పెట్టించాం. తడి చేతుల్తో గీజర్ దగ్గరికి వెళ్ళేది ఎవరి పిల్లలో మనకి తెలియదు. ఎర్తింగ్ కూడా ఏటా చూపించాలి, ఆ తీగనీ ఉప్పు వదలదు.

బాత్రూము. మన డెల్టాలో వానలు పడితే నేలలో నీళ్ళు పైకొస్తాయి, సెప్టిక్ ట్యాంకు నిండి వెనక్కి తంతుంది. వానలు ముదరకముందే తీయించాలి. ఒక్క బాత్రూములోనైనా కుర్చీ కమోడూ, పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి. కార్తీక స్నానాలకి వచ్చేది ఎక్కువగా మోకాళ్ళు నొప్పులున్న పెద్దవాళ్ళే. మాకు ఏ ఉయ్యాలకీ రాని మెచ్చుకోలు ఆ కమ్మీకి వచ్చింది.

పైకప్పు. పగిలిన పెంకులు మార్చడం, కొప్పు పెంకుల కింద సిమెంటు సరిచూడటం, చూరు కర్రల్ని కట్టించడం, కిటికీ తలుపులన్నీ బిగుతుగా పడుతున్నాయో లేదో చూడటం. తుఫాను గాలి ఒక కిటికీలోంచి లోపలికి దూరిందంటే కప్పుని కింద నుంచి ఎత్తేస్తుంది. కొబ్బరిచెట్ల ఎండు కాయలు, మట్టలు దింపించడం కూడా ఇందులో పనే.

ఇవన్నీ అక్టోబరు లోపల అయిపోవాలి. ఈ తీరానికి పెద్ద తుఫానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి. మా అత్తయ్యగారి పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 గురించి ఆవిడ దగ్గర కూర్చుంటే వేరే చెప్పక్కర్లేదు. ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయిన రోజది. రంగు దీపాలు పెట్టినప్పుడే ఆవిడ అన్నారు, "అందంగా ఉందా అని గాలి అడగదమ్మాయ్, గట్టిగా ఉందా అని అడుగుతుంది."

అన్నట్టే గాలి వచ్చి అడిగింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కృత్తివెన్నుకి అది పక్కనే. కార్తీక పౌర్ణమికి ఇంకా ఎనిమిది రోజులుంది, మా బుకింగులన్నీ పోయాయి. మేం బందరులో టీవీ ముందు కూర్చుని ప్రమాద హెచ్చరికల నంబర్లు వింటున్నాం. అక్కడ ఆమె ఏం చేసిందో తర్వాత తెలిసింది. పరుపులు చుట్టి అటక మీద పెట్టింది. మెయిన్ ఆపేసింది. కిటికీలకి లోపలి నుంచి కర్రలు అడ్డం పెట్టింది. ఉయ్యాల గొలుసులు విప్పి లోపల పడేసింది. నీళ్ళ ట్యాంకు నింపింది, ఖాళీగా ఉంటే ఎగిరిపోతుందని. అప్పుడు పిల్లల్ని తీసుకుని షెల్టర్‌కి వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం సిగ్నల్ దొరకగానే ఫోన్ చేసి, "అక్కా, నాలుగు పెంకులు పోయాయి, అంతే" అంది. వాళ్ళ వంటపాక రేకులు లేచిపోయాయన్న సంగతి నేను వారం తర్వాత వెళ్ళి చూస్తేనే తెలిసింది.

ఆ రోజు పనికి మేమిచ్చిన డబ్బెంత? సున్నా. ఎందుకంటే ఆ రోజు అతిథులు లేరు.

ఖాళీ నెలల్లో ఆమె చేసేవి వరసగా రాసి చూశాను. వారానికి రెండుసార్లు కిటికీలు తీసి గాలి ఆడనివ్వడం. ఎండ కాసిన రోజు పరుపులు, దిళ్ళు ఎండేయడం. మోటారు బిగుసుకుపోకుండా తిప్పడం. బాత్రూము జాలీల్లో నీళ్ళు పొయ్యడం, అవి ఎండిపోతే కంపు, బొద్దింకలు పైకొస్తాయి కదా. ద్వారబంధాల మూలల్లో చెద మట్టి కనబడితే దులిపి మందు కొట్టడం. వానాకాలం పాములు దూరకుండా అరుగు చుట్టూ గడ్డి పీకడం. మేం ఏ రోజూ "ఇది చెయ్యి" అని చెప్పలేదు, "ఎలాగూ పక్కనే ఉంటుంది కదా" అనుకున్నాం, అంతే.

సరే, ఆదివారం అందరూ కూర్చున్నప్పుడు కదిపాను. ఏడాది పొడుగునా నెల జీతం ఇద్దాం, అతిథులు వచ్చిన రోజులకి పైన విడిగా ఇద్దాం అన్నాను. మరిది ఏదో అనేలోగా అత్తయ్యగారే అన్నారు, "ఇల్లు ఊడ్చి కిటికీలు తీసినందుకు నెల జీతమా? నేను ముప్పై ఏళ్ళు చేశాను. నాకెవరిచ్చారమ్మాయ్?"

నిజంగా నా దగ్గర జవాబు లేదు. ఆ మాటలో ఆమె మీద కోపం లేదు. ముప్పై ఏళ్ళ లెక్క ఉంది. అత్తయ్యగారు ఆ ఇంటికి ఏటా సున్నం కొట్టారు, అరుగులు అలికారు, వాన పడే రాత్రుళ్ళు కారే చోటల్లా గిన్నెలు పెట్టారు. ఇల్లు మామగారిది అన్నారు, కట్టింది మామగారు అన్నారు. నేను కూడా పైన అలాగే రాశాను, చూశారా? నిలబెట్టింది ఎవరని ఎవరూ అడగలేదు.

కాసేపాగి అదే అన్నాను. "మీకు ఎవరూ ఇవ్వలేదు కాబట్టే అత్తయ్యా, అది పని అని మాకెవరికీ తెలియలేదు. ఆమె తాళాలిచ్చి వెళ్ళిపోతానంటే ఇప్పుడు తెలిసింది." ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి మజ్జిగ కలుపుకొచ్చారు. మా ఇంట్లో దాన్ని సగం ఒప్పుకోలు అంటాం.

మరిది వాదన కొట్టిపారేయలేను. "ఫోటో చూసే కదా వదినా జనం వచ్చేది. చువ్వలకి పూసిన పూత ఫోటోలో కనపడుతుందా?" అన్నాడు. కనపడదు, ఒప్పుకుంటాను. అద్దె రాకపోతే జీతమూ లేదు, పూతా లేదు. పాత దుప్పట్లు, మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటుతో ఎవరినీ రమ్మనలేం. కిటికీలకి దోమతెరలు, మంచి పరుపులు, వంటింట్లో శుభ్రమైన గట్టు, ఇవీ అప్‌గ్రేడ్లే, ఇవి కావాలి. కానీ ఫోటో అతిథిని ఒకసారి రప్పిస్తుంది. రెండోసారి రప్పించేది లోపలి ఇల్లు.

ఈతకొలను మీద మాత్రం నేను కదల్లేదు. మా వైపు బోరు వేస్తే ఉప్పునీళ్ళు. చుట్టూ రొయ్యల చెరువులు. తాగేందుకు ఊరంతా కాలవ నీళ్ళతో నింపిన చెరువు మీదా, కొనుక్కునే 20 లీటర్ల టిన్నుల మీదా బతుకుతోంది. వేసవిలో కాలవలు కట్టేస్తే ఆ చెరువూ అడుక్కి పోతుంది. పక్కింట్లో బిందె కోసం లైను కడుతుంటే మనం ట్యాంకర్లతో కొలను నింపి అందులో ఈదిద్దామా? పైగా సముద్రం పక్కన ఇష్టం వచ్చినట్టు తవ్వడం కుదరదు. తీర నియంత్రణ నిబంధనల కింద పల్లె తీరాల్లో సాధారణంగా 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదు, అనుమతి ఉన్న పాత ఇంటిని ఉన్న కొలతల్లోనే బాగుచేసుకోవాలి. మన స్థలం ఏ గీతలో ఉందో ముందు కాగితాలు చూపించుకోవాలి. ఆ డబ్బుతో పెంకుల కప్పు మీద పడే వాననీళ్ళు పట్టే ట్యాంకు కడితే కడుగుళ్ళకి చాలావరకు సరిపోతాయి.

ఇంకొక్క మాట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మర పడవల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం, సముద్రాన్ని వదిలేయాలని. ఆ రోజులకి మత్స్యకార కుటుంబాలకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025లో దాన్ని 20,000 రూపాయలు చేశారు. ఆమె భర్తకి పని లేని రెండు నెలలకి ఏదో ఒక లెక్క ఉంది. అది చాలా చాలదా అన్నది వేరే సంగతి, లెక్కంటూ ఉంది. ఆమె పని ఆగని మూడున్నర నెలలకి మాత్రం మా దగ్గర ఏ లెక్కా లేదు. మేము ప్రభుత్వం కూడా కాదు, నలుగురం కూర్చుని అరగంటలో తేల్చగలిగిన విషయం.

చివరికి తేలిందేమిటంటే, అద్దెలో మూడో వంతు ముందే పక్కన పెడతాం. అందులోంచి ఆమెకి పన్నెండు నెలలూ జీతం, మిగిలింది మరమ్మతులకి. కొలను వచ్చే ఏడు చూద్దాం అన్నాడు మరిది. వచ్చే ఏడు మళ్ళీ ఇదే గొడవ ఉంటుందని నాకు తెలుసు. ఆమెకి ఫోన్ చేసి చెబితే, "షెడ్డులో మాట ఇచ్చేశానక్కా, ఈ నెల దాకా పోయి మానేస్తా. ఈలోగా సాయంత్రాలు కిటికీలు తీస్తాలే" అంది. ఎగిరి గంతెయ్యలేదు. మాట నిలబెట్టుకుంటామో లేదో ఆమె కూడా చూడాలి కదా.

ఫోన్ పెట్టేశాక గమనించాను. ఆమె నంబరు నా ఫోన్లో "కృత్తివెన్ను ఇల్లు" అని ఉంది. ఐదేళ్ళుగా అలాగే ఉంది. ఇప్పుడు ఆమె పేరు రాసుకున్నాను.

మీలో చాలామందికి సముద్రం పక్కన ఇల్లు ఉండకపోవచ్చు. ఊళ్ళో తాళం వేసిన పుట్టిల్లో అత్తిల్లో ఉండే ఉంటుంది. పిల్లలు అమెరికాలో ఉండి కట్టించిన ఇల్లు కావచ్చు. పండక్కి వెళ్ళి తలుపు తీస్తే బూజు లేకుండా, పాము లేకుండా, కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయంటే, మధ్యలో ఎవరో చూస్తున్నారన్నమాట. ఆ తాళాలు ఎవరి దగ్గరున్నాయి? ఈ నెల ఆమెకి ఏమిచ్చారు? ఒక్కసారి చూసుకోండి.